పాటకు అడ్డునిలిచిన తెర

నేను ఒక తెరను. మానవ నాగరికత నిప్పు మీద గానీ చక్రం మీద గానీ నిలబడి లేదు. ఒక ఇనుప తీగ మీద అటూ ఇటూ జారే ఇత్తడి రింగుల మీద నిలబడి ఉంది. చరిత్రకారులు ఈ సత్యాన్ని ఇంతవరకు గ్రహించకపోవడానికి కారణం వారి అజ్ఞానం కాదు, వారి అలవాటు. వారు ఎప్పుడూ తెర తీసిన తరువాతనే రంగంలోకి వస్తారు. తెర ఎప్పుడు వేయాలి, ఎవరు వేయాలి, వేసిన తరువాత ఇంట్లోవాళ్లు ఎటు చూస్తూ కూర్చోవాలి అనే మహత్తర ప్రశ్నలు వారి దృష్టికి రావు. నా జీవితం ఆ ప్రశ్నల మధ్యనే గడిచింది కనుక ఆ లోటు తీర్చడం నా విధి.

చీరాల దగ్గర ఒక గుంటమగ్గం మీద పుట్టాను. నన్ను నేసిన ఆయన నా భవిష్యత్తు గురించి పెద్ద ఆశలు పెట్టుకున్నట్టు కనబడలేదు. మధ్యలో పోగు తెగితే ముడి వేసి, టీ తాగి వచ్చి, మళ్లీ గుంటలో దిగాడు. ఆ తరువాత అంగట్లో ఒక లావుపాటి ఆవిడ నన్ను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, వెలుతురుకు ఎత్తి పట్టుకొని, "అవతల ఏం కనబడట్లేదు, ఇదే ఇయ్యండి" అన్నది. నాకు లభించిన తొలి ప్రశంస అది. ఇదే మాట ఎందరో పెద్దమనుషుల గురించి కూడా అనవచ్చు గానీ, పొగడడానికి అనరు.

ఆవిడ పేరు కెజీయమ్మ. ఆవిడ ఊరు కట్టవపాలెం. సముద్రానికి దగ్గర, కాలువ నీళ్లు చేరేలోపల అలిసిపోయే చోటు. అక్కడ తెలుగు మాట్లాడే యూదుల కుటుంబాలు కొన్ని ఉన్నాయి. శుక్రవారం పొద్దుగూకే వేళకు వాళ్లు దీపాలు వెలిగిస్తారు; ఆపైన శనివారం చీకటి పడేదాకా పొయ్యి రాజేయరు, స్విచ్చి నొక్కరు, బండి ఎక్కరు. ముందురోజు చేసి పెట్టుకున్న గోంగూర పచ్చడి మర్నాటికి మరింత రుచి తేలుతుంది కాబట్టి ఈ నియమం వారికి పెద్ద కష్టమనిపించలేదు. ధర్మానికి పచ్చళ్లు చేసిన సేవ గురించి ఎవరైనా విడిగా రాయవలసి ఉంది.

నన్ను రెండుగా కత్తిరించారు. ఒక సగం, అంటే మా అక్క, ప్రార్థనా మందిరంలో ధర్మశాస్త్రపు చుట్టను దాచిన బీరువా ముందు వేలాడింది. ఆమెకు అంచున జరీ కుట్టారు. రెండో సగం నేను. నాకు తాడు కట్టి, కెజీయమ్మ ఇంట్లో టీవీ ముందు వేలాడదీశారు. అక్క చూడదగినదాన్ని దాస్తుంది, నేను చూడకూడనిదాన్ని దాస్తాను. ఇద్దరిలో ఎవరి ఉద్యోగం కష్టమో పాఠకులే నిర్ణయించాలి. మా అక్క వెనక ఉన్నదాన్ని దొంగచాటుగా చూడాలని ఎవరూ మెడ చాచినట్టు నేను వినలేదు.

టీవీ ఆ ఇంట్లోకి వచ్చిన విధానం చెప్పాలి. కెజీయమ్మ తమ్ముడు ఆషేరు ట్రాక్టరు నడుపుతాడు. గొంతు కూడా ట్రాక్టరుదే. అతడు ఒకనాడు టీవీని భుజాన మోసుకొచ్చి అక్క ఇంట్లో దించి, "బావా, వద్దంటే వెనక్కి తీసుకుపోతా, కానీ రేపటి నించి క్రికెట్టు" అని వెళ్లిపోయాడు. ఆ బావ నఫ్తాలి మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మందిరంలో ప్రార్థన నడిపించే పెద్ద. ఆయనకు రెండే బలహీనతలు, ఒకటి ధర్మశాస్త్రం, రెండు వార్తలు. ధర్మశాస్త్రం కన్నును అదుపులో పెట్టుకోమంటుంది. వార్తలు కన్ను తెరిచి పెట్టుకోమంటాయి. మాస్టారు వారం రోజులు గడ్డం నిమురుకొని తీర్పు చెప్పారు. వార్తలు చూడవచ్చు. వ్యవసాయ కార్యక్రమం చూడవచ్చు. క్రికెట్టు చూడవచ్చు, మైదానం అంచున గంతులేసే ఆడపిల్లలను చూపించనంతవరకు. సినిమా చూడవచ్చు, పాట వచ్చేంతవరకు. పాట వస్తే తెర.

తాడు మాస్టారి చేతికి వచ్చింది. అప్పటినుంచి ఆయనకు సినిమా చూసే సుఖం పోయింది, చూసే బాధ్యత మిగిలింది. పాట మొదలైన తరువాత తెర లాగితే ఏం లాభం? మొదలవ్వబోయే ముందే లాగాలి. అందుకని మిగతా అందరూ పల్లీలు తింటూ, మాట్లాడుకుంటూ, ఒక కన్ను వేసి చూస్తుంటే మాస్టారు ముందుకు వంగి, రెప్ప వేయకుండా, రెండు కళ్లతో చూసేవారు. కథానాయిక కిటికీ దగ్గరికి నడిచిందా, మాస్టారి వేలు తాడుకు చుట్టుకునేది. గాలి లేకుండా ఆమె పైట కదిలిందా, తాడు బిగిసేది. ఎక్కడో పిల్లనగ్రోవి వినిపించిందా, రింగులు గలగలలాడేవి, నేను ఆవరించేవాణ్ణి. ఆ విద్యలో ఆయన ఎంత ఆరితేరారంటే, పాట వస్తుందని సినిమా తీసినవాళ్లకు తెలియకముందే ఆయన చెయ్యి లేచేది. కట్టవపాలెంలో కన్ను కాపాడుకోవడం కోసం ఇంత నిష్ఠగా చూసినవాడు మరొకడు లేడు.

"ఏమయ్యా, అందరి కంటే ఎక్కువ నువ్వే చూత్తన్నావు గదా" అని కెజీయమ్మ ఒకసారి అన్నది.

"నేను చూడటం లేదే. కాపలా కాస్తన్నా" అన్నారు మాస్టారు, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఇలా ఏళ్లు గడిచాయి. నా వెనక పాటలు జరుగుతుండేవి, నా ముందు కుటుంబం నా మీది గళ్లను చూస్తూ కూర్చునేది. మాస్టారు కాలు ఊపుతూ కూర్చునేవారు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆయన కూతురు హద్దస్సా నా ముందే కూర్చొని పాటలు నేర్చుకున్నది. బొమ్మ లేకపోవడం వల్ల ఆమె చెవి మరింత పదునెక్కిందని నా అభిప్రాయం. సంగీత విద్యకు నేను చేసిన సేవను ఎవరూ సన్మానించలేదు.

ఆ వినికిడే మా పతనానికి కారణమైంది. ఒక వేసవిలో బొంబాయి నుంచి ఎలియెజెరు గారనే యువపండితుడు వచ్చాడు. మజ్జిగ తాగాడు, నన్ను చూశాడు, నా కథ విన్నాడు, "గొప్ప ఏర్పాటు" అన్నాడు. నేను పొంగిపోయాను. అంతలో ఆయన మజ్జిగ గ్లాసు దించి, హిందీలో, చాలా మర్యాదగా అడిగాడు: "మరి గొంతు?"

మాస్టారికి అర్థం కాలేదు. పండితుడు వివరించాడు. పరాయి స్త్రీని చూడడం ఒక ఎత్తయితే, ఆమె పాట వినడం మరొక ఎత్తు. మగవాడు వినకూడదని పెద్దలు చెప్పారు. రేడియోలో, టీవీలో వచ్చే గొంతు సంగతేమిటని పండితుల్లో వాదాలు ఉన్నాయి, కొందరు సడలిస్తారు, కొందరు సడలించరు. కానీ ఇంత జాగ్రత్తగా తెర కుట్టించుకున్న ఇల్లు చెవిని గాలికి వదిలేయడం ఆశ్చర్యంగా ఉంది, అంతే.

మాస్టారి ముఖం చూడలేకపోయాను. లెక్కంతా తప్పులేకుండా చేసి, చివరికి అది వేరే లెక్క అని తెలుసుకున్న విద్యార్థి ముఖం అది. ఇన్నేళ్లూ ఆయన కిటికీ మూసి, తలుపు బార్లా తెరిచి పెట్టారు.

మర్నాటి నుంచి సడలింపు లేని పక్షమే కట్టవపాలెంలో అమలుకు వచ్చింది. పాట రాగానే నేను పడతాను, మగవాళ్లు లేచి వరండాలోకి పోతారు. ఆడవాళ్లకు ఆడగొంతు వినడంలో అభ్యంతరం లేదని, ఆ మాటకొస్తే మగగొంతు వినడంలోనూ లేదని తెలిసినప్పుడు కెజీయమ్మ, "అంటే మేం ఎవరి పాటయినా వినొచ్చు, మీరే బయటికి పోవాలి. ఇంత మంచి శాస్త్రాన్ని ఇన్నాళ్లూ ఎందుకు దాచావయ్యా?" అన్నది. యుగళగీతాలు వచ్చినప్పుడు మగవాళ్ల స్థితి దయనీయం. మగగొంతు పాడుతున్నంతసేపు గడప లోపల, ఆడగొంతు అందుకోగానే గడప బయట. ఆషేరు ఒకసారి గడప మీదే కూర్చొని, "నేను రెండు పక్కలా ఉన్నా బావా" అన్నాడు.

ఇదిలా ఉండగా గుంటూరులో డిగ్రీ చదువుతున్న హద్దస్సా ఒక గురువారం ఫోన్ చేసింది. ఫోన్ ను టీవీ బల్ల మీద పెట్టి అందరూ వినేలా మాట్లాడడం ఆ ఇంటి పద్ధతి కనుక నేనూ విన్నాను.

"నాన్నా, నా గొంతు టీవీలో వచ్చుద్ది. ఆదివారం సాయంత్రం, వార్తల మధ్యలో. బెజవాడలో రికార్డు చేశారు. బట్టలుతికే పొడి ప్రకటన."

"పాడావా తల్లీ?" అన్నది కెజీయమ్మ.

"పాడాననే అనుకున్నానమ్మా. హాస్టల్లో అందరూ అది పాట కాదంటన్నారు, ఉత్త బట్టల పొడి గోలంట. ఒకటే నవ్వు. నాకే సిగ్గేత్తంది." గొంతు తగ్గించింది. "నాన్నా, మన ఇంట్లో ఏది పాటో ఏది కాదో తేల్చేది నువ్వే గదా. తాడు లాగేది నువ్వే. నువ్వు విని చెప్పు. నువ్వు పాట కాదంటే ఇంక స్టూడియోల చుట్టూ తిరగను, బ్యాంకు పరీక్షలకు కూచుంటా."

ఫోన్ పెట్టేశాక మాస్టారు చిక్కులో పడ్డారు. వినకుండా చెప్పలేరు. వినవచ్చునా? మాస్టారు బొంబాయికి ఫోన్ చేశారు. పండితుడు వెంటనే జవాబిచ్చాడు: తల్లి గొంతు, భార్య గొంతు, సోదరి గొంతు, కూతురి గొంతు మగవాడికి పరాయివి కావు. తండ్రి నిశ్చింతగా వినవచ్చు. మాస్టారు ఫోన్ కు చేతులెత్తి నమస్కారం పెట్టారు.

శనివారం ప్రార్థన అయిన తరువాత ఈ సంగతి మందిరం అరుగు మీద ప్రకటించగానే ఆషేరు లేచాడు.

"అయితే ఆదివారం మనమందరం కూచుని ఇందాం."

"నేను వినొచ్చు. నువ్వు వినకూడదు."

"అదేంది బావా! నా మేనకోడలు!"

"అందుకే వినకూడదు. మేనమామకూ మేనకోడలికీ వరస కలుస్తుందా లేదా? మన ఊళ్లో చేసుకుంటారా లేదా? శాస్త్రం కూడా కాదనలేదు. వరస కలిసే మనిషి గొంతు పరాయి గొంతే."

"ఛీ! నోరు కడుక్కో బావా. దాని ముక్కు తుడిచింది నేను. భుజానేసుకుని తిరణాల్లో తిప్పింది నేను. నాకు వరసేంది?"

"నువ్వు తుడిచావు, నేను కాదనలేదు. శాస్త్రం ముక్కుల దాకా రాలేదు."

అరుగు చివర కూర్చున్న బర్జిల్లాయి తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, ఏమి జరుగుతున్నదని పక్కవాణ్ణి అడిగి, అతడు గట్టిగా అరిచి చెప్పగా విని, "నాకెట్టాగూ ఇనపడదు గదా, నేను లోపల కూచోవచ్చా?" అన్నాడు. మాస్టారు ఆలోచించి అనుమతించారు. ఆ ఊళ్లో చెవుడు ఒక అర్హతగా లెక్కకు రావడం అదే మొదలు.

ఆదివారం సాయంత్రం నాకు పదోన్నతి లభించింది. నన్ను టీవీ ముందు నుంచి తీసి, గదికీ వరండాకూ మధ్య గుమ్మానికి కట్టారు. లోపల ఆడవాళ్లు, మాస్టారు, బర్జిల్లాయి తాత. బయట ఊళ్లోని యూదు మగవాళ్లందరూ. ఎవరి ఇంట్లో వాళ్లు విన్నా అదే తప్పు కాబట్టి, అందరూ కలిసి వినకుండా ఉండడానికి వచ్చారు. ఇన్నాళ్లూ ఒక పెట్టెను మాత్రమే మూసిన నేను మానవజాతిని రెండుగా విడదీశాను. సరిహద్దులు గీసే దేశాధినేతలకు ఆ క్షణంలో కలిగే గర్వం ఎలాంటిదో నాకు తెలిసింది. వాళ్లకు ఎవరూ చెప్పనిది ఏమిటంటే, సరిహద్దు మీద రెండు వైపుల నుంచీ మోచేతులు తగులుతాయి.

వార్తలు మొదలయ్యాయి. వరదలు, ఎన్నికలు, ఎవరో రాజీనామా చేయడం, ఇంకెవరో చేయకపోవడం. వార్తలు చదివే ఆమె "చిన్న విరామం" అనగానే కెజీయమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకున్నది. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

అప్పుడే వరండాలో ఆషేరు అందుకున్నాడు. వినకూడనిది పొరపాటున కూడా చెవిన పడకుండా ఉండాలంటే దేవుణ్ణి స్తుతించడం కంటే మంచి ఉపాయం ఏముంది? అతడు కీర్తన ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు కలిశారు. కట్టవపాలెం మగవాళ్లు అంత భక్తిగా, అంత శ్రుతిరహితంగా, అంత బిగ్గరగా దేవుణ్ణి ఎన్నడూ కొలవలేదు. నా పోగులు కంపించాయి. లోపల టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, నోళ్లు తెరుచుకుంటున్నాయి, ఒక బకెట్టు కనబడింది, ఒక చొక్కా ఎగిరింది. గొంతు మాత్రం ఒక్క అక్షరం వినబడలేదు.

నఫ్తాలి మాస్టారు ఎగిరి దూకి, నన్ను పక్కకు తోసి, తల బయటికి పెట్టి అరిచారు: "స్తోత్రం ఆపండి!"

ప్రార్థన నడిపించే పెద్ద నోట ఆ మాట ఎవరూ ఊహించలేదు. కీర్తన మధ్యలో తెగిపోయింది. మాస్టారు వెనక్కి తిరిగేసరికి టీవీలో సిమెంటు బస్తా కనబడుతోంది.

"అయిపోయింది" అన్నది కెజీయమ్మ.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నేను ఆయన్ను ఎన్నో స్థితులలో చూశాను, అలా మాత్రం చూడలేదు.

"ప్రకటనే గదయ్యా, మళ్లీ ఏత్తారు" అని కెజీయమ్మ ఓదార్చింది. "ఈసారి ఆళ్లను నోళ్లు మూసుకోమను."

"నోళ్లు మూసుకుంటే వింటారు గదా."

నిజమే. పాడితే ఈయన వినలేడు. పాడకపోతే వాళ్లు వింటారు. ఆ సందులో నుంచి ఆషేరు ముక్కు నాలోకి గుచ్చుకుంది. అతడు నా అవతల నుంచి మెల్లగా, అతని కొలతలో మెల్లగా, అన్నాడు: "బావా, నేనొకటి చెప్తా, కోప్పడబాక. చేపలమ్మ 'చేపలో' అని రాగం తీసి అరుసుద్ది. దాన్ని ఇనకూడదని ఏ శాస్త్రమన్నా అన్నదా? అది పాట కాదు గదా, యాపారం. ఇదీ అంతే. బట్టల పొడి అమ్ముకునే కేక. నువ్వు ఇది పాట కాదని ఒక్క మాట అను, అందరం లోపలికొచ్చి దర్జాగా ఇంటాం. మాకూ దాని గొంతు ఇనాలనుంది బావా."

అది మంచి వాదన. బొంబాయి పండితుడు కూడా మజ్జిగ గ్లాసు దించి ఆలోచించే వాదన. తమ్ముడి మాటకు కెజీయమ్మ తల ఊపబోయి, భర్త ముఖం చూసి ఆగింది. ఒక్క మాట అంటే ఊరంతా సంతోషం. ఆ ఒక్క మాటే హాస్టల్లో అమ్మాయిలు అన్న మాట.

మాస్టారు లేచారు. "నా కూతురు పాడింది పాట" అన్నారు. "చేపల కేకయితే మీరు లోపలికి రండి. పాట గనక బయటికి పోండి. వరండా చాలదు. కాలవ వంతెన అవతలికి పోండి. అది పాట, వరండా దాటుద్ది."

ఆషేరు నాలోంచి ముక్కు తీసుకున్నాడు. తరువాత చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు, దాని మీద అతని గొంతు: "లేవండర్రా. పాటేనంట. నా మేనకోడలు పాట పాడిందంట. నడవండి, వంతెన దాటాలి." ఆ గొంతులో అలక లేదు, ఊరేగింపు ముందు నడిచేవాడి దర్పం ఉంది. మగవాళ్లందరూ పంచెలు సవరించుకొని, ఒకరి వెనక ఒకరు, వినకుండా ఉండే గౌరవం కోసం కాలువ వైపు నడిచిపోయారు.

మరొక విరామం వచ్చింది. మరొక చిక్కు కూడా. టీవీ ముందు నేను లేను. టీవీలో ఎవరో నటి తడి చీరతో బకెట్టు ఎత్తుతోంది. పాడింది హద్దస్సా గానీ కనబడేది ఈమె. మాస్టారు క్షణంలో కుర్చీని గిరుక్కున తిప్పి, టీవీకి వీపు పెట్టి, నా వైపు తిరిగి కూర్చున్నారు. అందువల్ల ఆ పాట వింటున్నప్పటి ఆయన ముఖాన్ని ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే చూశాను.

*మరక పోయె, మబ్బు పోయె,*
*దండెం మీద ఎండ పూసె...*

మొదటి మాట ముగియకముందే ఆయన కుడిచెయ్యి గాలిలోకి లేచి, లేని తాడును లాగింది. ఆయన లాగలేదు, చెయ్యే లాగింది. అన్నేళ్ల అనుభవం ఉన్న ఆ చెయ్యి పాటను తప్ప దేనినీ చూసి లేవదు. మాస్టారు తన చేతి వైపు చూసుకొని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నా సంగతి వేరు. బతుకంతా పాటలకు అడ్డం పడిన గుడ్డను నేను. మొట్టమొదటిసారి అడ్డు పడకుండా విన్న పాట గుడ్డల గురించి. ఇంతకంటే వివరంగా చెప్పడం నా హోదాకు తగదు.

బర్జిల్లాయి తాత ముందు వరసలో కూర్చొని, బకెట్టు ఎత్తుతున్న నటిని చూసి, "మన హద్దస్సా బాగా ఒళ్లు చేసింది" అన్నాడు.

ఫోన్ మోగింది. "ఇన్నావా నాన్నా?"

"విన్నానమ్మా."

"మరి?"

"మీ మామయ్యను కాలవ వంతెన అవతలికి పంపించి విన్నా."

ఆ ఇంటి పిల్లకు ఆ తీర్పు వేరే భాషలో చెప్పనక్కరలేదు. "వంతెన అవతలికా!" అన్నది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు తెలియలేదు. "వరండా చాల్లేదా?"

"చాల్లేదు."

ఆషేరు తిరిగి వచ్చి గుమ్మం బయట నుంచి, "ఎట్టా ఉంది బావా?" అని అడిగాడు. "నీ మేనకోడలు గదా" అన్నారు మాస్టారు. ఆ రాత్రి ఆషేరు అక్క ఇంట్లోనే అన్నం తిన్నాడు, రెండోసారి పెట్టించుకున్నాడు.

హద్దస్సా ఇంకా పాడుతున్నది. నేను మళ్లీ టీవీ ముందుకు వచ్చాను. పెద్దరికం వచ్చింది, గళ్లు వెలిశాయి, రింగులు తుప్పు పట్టవు గానీ నిదానించాయి. కట్టవపాలెంలో ఇంటింటా గూట్లో ఆ పొడి డబ్బా కనబడుతుంది. ఆషేరు ట్రాక్టరు మీద బెజవాడ నుంచి తెచ్చి పంచిపెట్టాడు. మొన్న కెజీయమ్మ నన్ను దింపి, బావి దగ్గర బకెట్టులో నానేసి, గుప్పెడు పొడి చల్లి, ఆ పాట పాడుకుంటూ చాలాసేపు ఉతికింది. మా ఊరి ఉప్పునీళ్లలో ఆ పొడికి నురగ రాదు.